కొబ్బరికాయకు సలాం, సైన్సుకు శాలువా

ఫిబ్రవరి సగం దాటిందంటే వరంగల్ చౌరస్తాలో శాలువాలకు గిరాకీ లేస్తుంది. పెళ్లిళ్ల ముచ్చట కాదు. 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం. 1928లో అదే రోజు సి.వి. రామన్ కలకత్తాలో కాంతి గుట్టు ఒకటి విప్పాడు, 1930లో నోబెల్ అందుకున్నాడు, 1987 నుంచి మనం ఆ రోజును పండుగ చేసుకుంటున్నాం. రామన్ వాడిన పరికరాల ఖరీదు 200 రూపాయలు దాటలేదని చెబుతారు. ఆ డబ్బుకు ఇవాళ ముఖ్య అతిథికి కప్పదగ్గ శాలువా రాదు. విజ్ఞానం మీద మన పెట్టుబడి ఎంత పెరిగిందో దీన్నిబట్టే తెలుసుకోవచ్చు.

పల్లెల్లో సైన్సు ప్రచారం జరగడం లేదని పెదవి విరిచేవాళ్లు ఒక్కసారి మా వైపు వచ్చి చూడాలి. ములుగు రోడ్డు మీది ఒక మండల కేంద్రంలో 2025 విజ్ఞాన దినోత్సవం ఎంతో శాస్త్రోక్తంగా జరిగింది. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. పైగా ముందురోజే అమావాస్య. అతిథి గారి కారు పన్నెండు దాటాకే గేటులోకి వచ్చింది. పొద్దున్నే వచ్చిన పిల్లలు అప్పటిదాకా షామియానా కింద మోడళ్ల వెనక నిలబడి, జిగురు కరిగి ఊడిపోతున్న చందమామను మాటిమాటికీ థర్మోకోల్ సౌరకుటుంబానికి అతికిస్తూ ఉన్నారు. కొబ్బరికాయ కొట్టారు. జ్యోతి వెలిగించారు. ఫ్యాను గాలికి అది రెండుమూడుసార్లు ఆరింది. మంటకు గాలి కావాలని చదువుకున్నాం కదా, మరి గాలి తగిలితే ఎందుకు ఆరిపోతోందని అడగడానికి అదే మంచి అదను. ఎవరూ అడగలేదు. క్రమశిక్షణ గల బడి.

అధ్యక్షులవారు రాజ్యాంగంలోని 51ఎ అధికరణాన్ని గుర్తుచేశారు. శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అని 1976లో 42వ సవరణ అందులో చేర్చింది. ఈ సంగతి చెబుతూనే, వెనక వరసలో గుసగుసలాడుతున్న ఇద్దరిని నిలబెట్టి, "ప్రశ్నలు తర్వాత" అన్నారు. తర్వాత భోజనాలు.

ప్రదర్శనలో అగ్నిపర్వతాలు ఐదు. వంటసోడా, వెనిగర్, ఎరుపు కోసం ఇంట్లోని కుంకుమ. వరసగా అన్నీ పొంగాయి. అతిథి గారు వంగి చూసి, "మంచిగుంది బిడ్డా, ఇంటికాడ చెయ్యకు" అని ఆశీర్వదించారు.

ఉత్తర తెలంగాణలో ఒక్క అగ్నిపర్వతమూ లేదు కదా, ఏటా ఇన్ని ఎందుకు పేలుతున్నాయని మీకు అనుమానం రావచ్చు. లేనిదాన్ని చూపించడమే ప్రదర్శన. ఉన్నదాన్ని చూడ్డానికి షామియానా ఎందుకు? నిజానికి లావా మనకూ ఉంది. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి, దక్కన్ లావా రాళ్లు కోట్ల ఏళ్లు అరిగి అరిగి అయిన మట్టే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా మీద నాయన పత్తి పెడుతుంటే, కొడుకు అగ్నిపర్వతం చేయడానికి వంటసోడా కోసం కిరాణం దుకాణానికి ఉరుకుతాడు.

పాలంపేటలో రామప్ప గుడి ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. పునాదిలో ఇసుక నింపి, నేల కదిలినా బరువు సర్దుకునేట్టు కట్టారు. గోపురానికి వాడిన ఇటుక నీళ్లలో తేలుతుంది. లోపలంతా సన్నటి రంధ్రాలు, వాటి నిండా గాలి, అందుకే నీటికంటే తేలిక. మనూరి ఇటుక ఇంత సాయం చేస్తానంటుంటే, బడిలో ఇప్పటికీ బెండు తేలుతోంది, ఇనుప మేకు మునుగుతోంది. విహారయాత్ర బస్సు దిగిన పిల్లలకు ఒకరు "మహిమ" అని చెబుతారు, ఇంకొకరు "లైన్ల నిలబడుర్రి, ఫొటో" అంటారు.

రాక్షసబల్లి సంగతి ఇంకా ముచ్చటైనది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జురాసిక్ కాలపు శాకాహారి ఎముకలు బయటపడ్డాయి. ఊరి పేరు కలిపి దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఇప్పుడది హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. కోట్ల ఏళ్లు కదలకుండా ఊళ్లోనే పడి ఉండి, చివరికి అందరిలాగే పట్నానికి వలసపోయింది. దాని ఊరి పిల్లలు దాన్ని చూడాలంటే టికెట్టు కొనాలి. డైనోసార్ అంటే మాత్రం అమెరికాది, ఇంగ్లీషు సినిమాలది అని వాళ్లకు బాగా తెలుసు. ప్రచారం అందుతున్నట్టే కదా.

మోడళ్ల వరస చివర, గోడ పక్కన, ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి కూచుంది. ముందు థర్మోకోల్ లేదు, వెలిగే బల్బు లేదు. అట్ట చిరిగిన లాంగ్ నోటుబుక్కు ఒకటి ఉంది. వాళ్లూరి బోర్లన్నీ అందులో రాసుకొచ్చింది. ఎవరి పొలం, ఏ ఏడు, ఎన్ని ఫీట్లు, ఎన్ని ఇంచుల నీళ్లు, నీళ్లు ఇక్కడున్నాయని పాయింటు ఎవరు పెట్టారు: కొబ్బరికాయా, వేపపుల్లా, మిషనా, కలలోకొచ్చి చెప్పిన మేనత్తా. నీళ్లు పడనివాటికి ఎర్ర పెన్ను. పేజీ తిప్పినకొద్దీ ఎరుపే.

"వర్కింగ్ మోడల్ ఏదమ్మా?" అని అడిగారు జడ్జి సారు.

"మోడల్ లేదు సార్. ఇంటింటికి పోయి అడిగి రాసిన."

"మరి నువ్వు కనిపెట్టింది ఏంది?"

"బోరు పడ్డోళ్లు ఊరంత చెప్పుకుంటరు సార్, పడనోళ్లు చెప్పరు. పడనియి గూడ లెక్కేస్తే, కొబ్బరికాయతోని పెట్టినా, ఉత్తగ పెట్టినా ఒక్కతీరుగనే ఉన్నది."

సారు కాసేపు గంభీరంగా ఆలోచించి, "కనీసం ఒక చార్టన్నా అంటించాల్సింది" అన్నారు.

మొదటి బహుమతి అగ్నిపర్వతానికి. రెండోదీ అగ్నిపర్వతానికే, అది కొంచెం తక్కువ పొంగింది.

నిర్ణయం నూటికి నూరుపాళ్లు సబబు. అలాంటి పిల్లకు బహుమతి ఇస్తే ఏమవుతుందో ఒక్కసారి ఊహించండి. ఇవాళ బోర్లు లెక్కేసింది. రేపు పురుగుమందుల దుకాణం ముందు కూచుని, ఉద్దెర మీద డబ్బా ఇచ్చే సేటు ఏ పురుగుకు ఏ మందు చెప్పాడో, పురుగు చచ్చిందో లేదో రాసుకుంటుంది. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు కాయతొలుచు పురుగు పీడ విరగడైందన్నారు కదా, మరి గులాబీ రంగు పురుగు కాయలో ఎట్లా దూరిందని అడుగుతుంది. ఎల్లుండి ఆర్ఎంపీ దగ్గరికి పోయి, జ్వరమొచ్చిన ప్రతివాడికీ సూది ఎందుకు, సూది వేయనివాడికి ఎన్నాళ్లకు తగ్గిందని పేజీకి రెండు గళ్లు గీస్తుంది. గ్రహణం రోజు టీవీలో పళ్లెం నీళ్ల మధ్య రోకలి నిటారుగా నిలబడితే అందరం దండం పెట్టుకుంటాం. ఈ పిల్ల మామూలు మంగళవారం నాడు కూడా రోకలిని నిలబెట్టి చూస్తుంది. పొన్ను అరగకుండా అడుగు చదునుగా ఉంటే అది మంగళవారమూ నిలబడుతుంది. అప్పుడు ఛానల్ వాళ్ల గతేంటి, యాంకరమ్మ గతేంటి? ఒక్క నోటుబుక్కుతో ఇంతమంది పొట్ట కొట్టే విద్యను ఏ బాధ్యత గల జడ్జి ప్రోత్సహిస్తాడు?

కాబట్టి ఆ అమ్మాయిని వదిలేసి, ఆమె ఎర్ర పెన్నుకు గురైన పెద్దమనిషి దగ్గరికి వద్దాం. నీళ్లు చూసేటాయన. మా జిల్లాల్లో సైన్సు ప్రచారం చేసే సంస్థలన్నీ కట్టగట్టుకుని ఆయన దగ్గర శిక్షణకు పోవాలన్నది నా మనవి. ఇందులో ఎగతాళి ఏమీ లేదు, సగం.

తెల్లారగట్ల బండి మీద వస్తాడు. గెట్టు కాడ చెప్పులు విప్పుతాడు. ముందు పని మొదలుపెట్టడు, కూచుని చాయ్ తాగుతాడు. పోయిన బోరుకు ఎంత అప్పయింది, మిత్తి ఎంత, పక్కాయన బోరు ఎన్ని ఫీట్లకు పడ్డది, అన్నీ అడుగుతాడు. అడుగుతూ అడుగుతూనే పుట్టలెక్కడున్నాయి, ఏ చెట్టు పచ్చగా ఉంది, వాలు ఎటుంది చూసేసుకుంటాడు. పుట్టలు, చెట్లను బట్టి నీటిజాడ చెప్పడం కొత్తదేమీ కాదు, ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమే రాశాడు. ఆ తర్వాత పిలక ఉంచిన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టి నడుస్తాడు. ఒకచోట కాయ దిగ్గున లేచి నిలబడుతుంది. రాయి పాతి పసుపు కుంకుమ చల్లుతాడు. "రెండొందల యాభై ఫీట్లల్ల ఒక జల, నాలుగొందలకు ఇంకోటి. రెండించులకు తక్కువుండది, పో."

కాయ ఎందుకు లేస్తుందో 1852లోనే విలియం కార్పెంటర్ అనే వైద్యుడు చెప్పి ఉన్నాడు. మనసులో ఉన్న ఊహకు కండరాలు మనకు తెలియకుండానే సన్నగా కదులుతాయి. పడుకున్న కాయకు ఆ మాత్రం చాలు. కాబట్టి నీళ్లు చూసేటాయన మోసగాడే కానక్కర్లేదు, తన చేతిని తానే మనసారా నమ్మి ఉండొచ్చు. కన్ను చేసిన పనికి కీర్తి కాయకు దక్కుతోంది, అంతే.

ఇక బోరు ఫెయిలై నీళ్లకు బదులు తెల్లటి దుబ్బ లేచిందనుకోండి. "నేను పెట్టింది గీడ, బండోడు దించింది గాడ" అంటాడు. లేదా మన నసీబు. పడితే కాయ గొప్ప, పడకపోతే రైతు ఖర్మ. ఇంత పటిష్ఠమైన సిద్ధాంతం ఏ విశ్వవిద్యాలయంలోనూ లేదు.

దీనికి పోటీగా మనం ఎవరిని పంపుతున్నాం? చదువుకున్న భూగర్భజల నిపుణుణ్ని. ఆయన నేలలో నాలుగు ఇనుప కడ్డీలు దించుతాడు, బయటి రెండింటి గుండా కరెంటు పంపుతాడు, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూస్తాడు. నీరున్న పగులు కరెంటును తేలిగ్గా పోనిస్తుంది, ఎండుబండ అడ్డుకుంటుంది. వరంగల్ చుట్టుపక్కల చాలామట్టుకు కింద గ్రానైటే. భూమిలో ఏరు పారుతున్నట్టు మనం అనుకుంటాం గానీ, నీళ్లుండేది పైన మెత్తబడ్డ పొరలో, కింద బండ పగుళ్లలో. పగులు తగిలితే నీళ్లు, పదడుగులు పక్కకు పోతే దుబ్బ. అందుకే ఆ నిపుణుడు నిజాయితీగా, "ఇక్కడ అవకాశం ఎక్కువ, గ్యారంటీ మాత్రం ఇవ్వలేం" అంటాడు. "గంత సదువుకోని గ్యారంటీ లేదంటడేంది?" అని రైతు తిరిగి కొబ్బరికాయకే ఫోన్ చేస్తాడు. నిజం చెప్పినవాడు ఓడిపోయే ఏకైక పోటీ ఇదేనని అనను, ఎన్నికలు కూడా ఉన్నాయి.

రైతును తప్పుపట్టలేం. ఫిబ్రవరి ఆఖరంటే యాసంగి వరికి నీళ్లు చాలక బోర్లు ఆగి ఆగి పోసే సమయం. రాత్రి కరెంటు కోసం లేచి మోటరు కాడ కూచున్నవాడి ఊరికి మనం సరిగ్గా అదే వారం మైకు సెట్టుతో వెళ్లి కృష్ణబిలాల మీద ఉపన్యాసం ఇస్తున్నాం. కృష్ణబిలం గొప్పదే, దాంట్లోకి పోయింది తిరిగిరాదు. ఆ సంగతి బోరుకు అప్పు చేసినవాడికి వేరే చెప్పాలా?

మాకు తెలిసినంతలో ఇట్లా ఉపన్యాసం లేకుండా సైన్సు నడిచిన ఊరు ఒకటుంది. జనగామ జిల్లా ఏనబావి. అక్కడి రైతులు పురుగు ఎప్పుడు గుడ్డు పెడుతుంది, ఎప్పుడు రెక్కలొస్తాయి అని చూసుకుంటూ రసాయన మందులు మానేశారు. అందులో రిబ్బన్ కత్తిరించడానికి వీలైన ఘట్టం ఏదీ లేదు గనక కార్యక్రమాల క్యాలెండర్‌లో దానికి చోటు దొరకడం కష్టమే.

ఒక శుభవార్త. అగ్నిపర్వతాలు పొంగిన అదే బడిలో మంచినీళ్ల బోరు ఎండిపోయింది, కొత్తది వేయాలని తీర్మానించారు. నిపుణుణ్ని పిలుద్దామని ఎవరో అంటే, సర్కారు సొమ్ముతో ప్రయోగాలు చేయలేమని పెద్దలు తోసిపుచ్చారు. నీళ్లు చూసేటాయన్ని సైన్సు సారే స్వయంగా బండి మీద తీసుకొచ్చారు. కాయ ఆవరణ అంతా తిరిగి తిరిగి సైన్సు ల్యాబ్ గుమ్మం ముందు నిలబడిందట. బోరుబండి రావాలంటే గుమ్మం, పక్క గోడ తీసేయాలి. ఎవరికీ అభ్యంతరం లేదు. లోపల సామానేమైనా ఉందేమో ఒకసారి చూసి తీయడం మంచిదన్నారు గానీ, ల్యాబ్ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇంకా తేలలేదు.