పూత ముందా, జిగురు ముందా?

వానలు మొదలై మైదానాలు బురదమయమయ్యాయంటే, హైదరాబాదులో మోడల్ విమానాలు ఎగరేసేవాళ్లు ఇళ్లలో కూర్చుని కొత్తవి కట్టుకుంటారు. సరిగ్గా ఈ రోజుల్లోనే ఒక వాట్సాప్ సందేశం మళ్లీ ప్రాణం పోసుకుంది. దాని సారాంశం ఇది: "థర్మోకోల్ షీటుకు ముందే రెండువైపులా మూడేసి పూతలు ఫెవికాల్ వేయండి. ఆరాక ఏ జిగురు వాడినా షీటు కరగదు. అతుకు రెట్టింపు గట్టిగా ఉంటుంది. ఆ అతుకుకు కూడా ఫెవికాల్ చాలు, రాత్రి అతికిస్తే తెల్లారేసరికి సిద్ధం. రెక్కల మధ్య మాత్రం సిలికాన్ సీలెంట్ పెట్టండి, వంగుతుంది గాని విరగదు." నాకు నలుగురు పంపారు. వారిలో ఇద్దరు అప్పటికే షీట్లన్నిటికీ పూతలు వేసేశారు. అందుకే ఇది రాయక తప్పలేదు.

"కరగదు" అన్న మాట నుంచే మొదలుపెడతాను. థర్మోకోల్ అంటే గాలి నింపుకున్న పాలిస్టైరీన్. ఘనపరిమాణంలో 98 శాతం దాకా గాలే, ప్లాస్టిక్ పొర పేరుకు మాత్రమే. టొలుయీన్, అసిటోన్ లాంటి ద్రావకాలు తగిలితే ఆ పొర కరిగి షీటు గుంటలు పడుతుంది. ఫెవిక్విక్ చుక్క కూడా అంతే చేస్తుంది. మరి పైన కాపలా పెట్టిన ఫెవికాల్ పొర సంగతి? అది పాలివినైల్ అసిటేట్. అదీ టొలుయీన్‌లో, అసిటోన్‌లో కరిగే పదార్థమే. దొంగకు చుట్టాన్ని కాపలా పెట్టినట్టు. పూత మీద స్ప్రే రంగు పలుచగా కొట్టినప్పుడు షీటు నిలబడుతుంది, నిజమే. అక్కడ థిన్నర్ చాలావరకు గాలిలోనే ఆవిరైపోతుంది. ఈ నమ్మకం బహుశా అక్కడ పుట్టి ఉంటుంది. జిగురు అలా కాదు, తడిగా కూర్చుని తన పని తాను చేసుకుంటుంది.

అయినా చూద్దామని, బేగంబజార్‌లో కొన్న షీటు ముక్క ఒకటి తీసుకుని సగానికి పూత వేసి, రెండు రోజులు ఆరనిచ్చి, రెండు సగాల మీదా ఫెవిక్విక్ చుక్క వేశాను. పూత లేనివైపు కళ్లముందే గుంట పడింది. పూత ఉన్నవైపు చుక్క మెరుస్తూ బుద్ధిగా నిలబడింది. గెలిచిందనుకున్నాను. కాసేపాగి గోటితో తడితే డొల్ల మోత. బ్లేడుతో కోసి చూస్తే పైపొర బాగానే ఉంది, కింద మాత్రం శనగగింజంత ఖాళీ. షీటులోని థర్మోకోల్ గింజల మధ్య సందులో పూత అందని చోటు ఏదో దొరికినట్టుంది. పూత లేనివైపు గుంట కనీసం కనబడుతుంది, ఇది కనబడదు కూడా. పైగా పూత వేసిన షీటును తర్వాత కోస్తాం కదా, ఆ కోసిన అంచుకు పూత ఎక్కడిది? జిగురు పడేది ఆ అంచు మీదే.

ఇక "రెట్టింపు గట్టి" మాట. దీనికి నేనే సాక్షిని. నిరుడు ఇలాగే ముందు పూత వేసి, రెక్క రెండు సగాలనూ ఎపాక్సీతో, అంటే రెండు భాగాలు కలిపి వాడే జిగురుతో, అతికించాను. మూడో ఎగురుడులో లూప్ (గాలిలో నిలువు గిరికీ) నుంచి బయటకు లాగుతుండగా రెక్క నడిమికి మడతపడి పుస్తకంలా మూసుకుంది. తెచ్చి చూస్తే ఎపాక్సీ చెక్కుచెదరలేదు. దాని మీద పాల మీగడ తీసినట్టు ఫెవికాల్ పొర మొత్తం వచ్చేసింది, ఒక్క థర్మోకోల్ గింజ అంటుకుని లేదు. ఎపాక్సీ పూతను పట్టుకుంది, పూత షీటును వదిలేసింది. సరిగ్గా అతికిన అతుకు విరిగితే జిగురుకు గింజలు ఊడి వస్తాయి. షీటే తెగాలి, అతుకు కాదు. ఈ తేడా చూడటం అలవాటైతే సగం వివాదాలు అక్కడే తీరిపోతాయి.

"తెల్లారేసరికి సిద్ధం" అనేది చెక్కకు సరిపోయే లెక్క. ఫెవికాల్ గట్టిపడాలంటే అందులోని నీరు బయటకు పోవాలి. చెక్కా కాగితమూ ఆ నీటిని పీల్చుకుంటాయి, థర్మోకోల్ పీల్చదు. నాలుగు అంగుళాల వెడల్పున రెండు షీట్లు కలిపితే ముందు అంచు ఆరి, లోపలి తడికి తలుపు వేసేస్తుంది. మూడు రోజుల తర్వాత విడదీస్తే మధ్యలో ఇంకా పెరుగులా తెల్లగా ఉండటం చూశాను. జులై గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇంకా ఆలస్యం. షీటు మీద కాగితం తొడగడానికి ఫెవికాల్ భేషుగ్గా పనికొస్తుంది. వెడల్పాటి అతుకులకు ఎపాక్సీ వాడండి. అది రసాయన చర్యతో గట్టిపడుతుంది, గాలితో పనిలేదు. అయితే కప్పులో ముద్దగా కలిపి వదిలేస్తే వేడెక్కుతుంది, దాన్ని పూస్తే ఆ వేడికే షీటు కుంగుతుంది.

సిలికాన్ గురించి ఎక్కువ చెప్పను. వెనిగర్ వాసన వచ్చే రకం గట్టిపడుతూ అసిటిక్ ఆమ్లం వదులుతుంది, సర్వోల (రెక్క, తోక పలకలను కదిలించే చిన్న మోటార్ల) రాగి తీగలకు అది మంచిది కాదు. రెక్క మధ్య అతుకు వంగితే రెక్క కోణమే మారుతుంది, వంగడం అక్కడ గుణం కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి సిలికాన్ తగిలిన చోట రంగూ నిలవదు, మరో జిగురూ పట్టదు. రేపు విరిగితే మరమ్మతు దారి కూడా మూసుకున్నట్టే.

సందేశం ఊసే ఎత్తని విషయం బరువు. 120 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు రెక్కకు రెండువైపులా, చదరపు మీటరుకు ఆరాక 40 గ్రాముల చొప్పున మిగిలిందనుకుంటే పూతకు 17 గ్రాములు, మూడు పూతలకు 50 దాటుతుంది. 600 గ్రాముల విమానానికి అది చిన్న మాట కాదు. తోకకు వేస్తే మరీ నష్టం. విమానం సమతూకంగా నిలిచే బిందువు నుంచి ముక్కు కంటే తోక మూడింతల దూరంలో ఉంటే, అక్కడ చేరిన 10 గ్రాములకు ముక్కులో 30 గ్రాముల సీసం పెట్టి తూచాలి.

పూత అనవసరమని కాదు. అన్నీ అతికాక, చివర్లో, పలుచగా ఒక్కటి చాలు. ఇప్పటికే పూతలు వేసేసిన ఆ ఇద్దరికీ నా సలహా: షీట్లు పారేయకండి. అతుకు వచ్చేచోట రెండు వేళ్ల వెడల్పున, గింజలు కనిపించేదాకా సన్న గరుకు కాగితంతో రుద్దండి. దుమ్ము దులిపి, ఎపాక్సీ పూసి, మాస్కింగ్ టేపుతో బిగించి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు, ఇలాగే అతికించి పక్కన పెట్టిన తుక్కు ముక్కల అతుకును ముందుగా విరిచి చూడండి. జిగురుకు గింజలు ఊడి వస్తేనే మోటారు బిగించండి.