చేసంచి పని మిల్లు దగ్గరే మొదలవ్వాలి

2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ క్యారీబ్యాగుల మీద నిషేధం ఉంది. అది ఎంత బాగా అమలవుతోందో కూరగాయల బజారుకు వెళ్లే అందరికీ తెలుసు, ఆ చర్చ మళ్లీ ఎత్తుకోనక్కర్లేదు. మాట్లాడుకోవాల్సింది దాని బదులు ఏం వాడాలన్న సంగతి. జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినోత్సవం వచ్చిందంటే చాలు, కొత్త గుడ్డ కొని, కొత్త సంచులు కుట్టించి, బొమ్మలు అచ్చేయించి పంచుతున్నారు. అదే సమయంలో మన ఇళ్లలో అటకల మీద, మంచాల కింద ఖాళీ బియ్యం సంచులు మడతల్లో మగ్గుతున్నాయి. కొత్త సంచి మనకు అవసరం లేదు. ఉన్న బియ్యం సంచినే చేసంచి చేసుకోవాలి. అంతకంటే ముఖ్యంగా, ఖాళీ అయ్యాక సులువుగా చేసంచి అయ్యేలా బియ్యం సంచిని తయారు చేయమని మిల్లులను అడగాలి.

2022 జులై 18న 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగు బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. ఆ వెంటనే మన దగ్గర 26 కిలోల సంచులు పుట్టుకొచ్చాయి. ఒక్క పన్ను నిబంధన కోసం ఇన్ని మిల్లులు సంచి కొలత మార్చుకోగలిగాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఆ సంచి గుడ్డను ఒకసారి చేత్తో పట్టి చూడండి. లోపలి వైపు సన్నటి రిబ్బను లాంటి పట్టీలు నిలువూ అడ్డం అల్లి ఉంటాయి. అది పాలీప్రొపిలీన్ నేత. పైన రంగుల బొమ్మలున్న పల్చటి ఫిల్మ్ అతికించి ఉంటుంది. మిల్లులో నింపి, లారీలో ఎక్కించి, కొట్టు ముందు దించి, మూడో అంతస్తుకు భుజం మీద మోసినా చిరగని గుడ్డ అది. ఆరేడు కిలోల కూరగాయలు దానికొక లెక్కే కాదు.

చిప్స్ ప్యాకెట్లతో సంచులు కుట్టడం నేర్పే శిక్షణ శిబిరాల మీద నా అభ్యంతరం కూడా ఇక్కడే. చిప్స్ ప్యాకెట్‌లో నేత లేదు, అది వట్టి ఫిల్మ్. సూది దిగిన ప్రతి చోటా రంధ్రం పడుతుంది, ఆ రంధ్రాల వరుస పోస్టల్ స్టాంపు అంచులా తయారవుతుంది. బరువు పడగానే అక్కడి నుంచే సర్రున చిరుగుతుంది. చిరగకుండా ఉండాలంటే వెనక గుడ్డ వేసి కుట్టాలి, అప్పుడు బరువు మోసేది గుడ్డే. లేదంటే ప్యాకెట్లను పట్టీలుగా కోసి, మడిచి, చాపలా అల్లాలి. రోజంతా కూర్చుంటే ఒక్క సంచి తయారవుతుంది, నూనె వాసన మాత్రం పోదు. అలాంటి పనికి ఆడవాళ్లను పిలిచి, రెండు రోజులు నేర్పి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపడం వాళ్ల సమయాన్ని గౌరవించడం కాదు.

బియ్యం సంచి దారి వేరు. 26 కిలోల సంచి కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ అయినా, సుమారు 18 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉంటుంది. ముందు పైనా కిందా ఉన్న గొలుసు కుట్టు విప్పాలి. ఒకప్పుడు బస్తా మూతిని దబ్బనంతో, పురికొసతో కుట్టేవాళ్లు. ఇప్పుడు మెషీన్ కుట్టు కాబట్టి సరైన కొస దొరికిందంటే ఒక్క లాగుకు మొత్తం ఊడి వస్తుంది. అడుగు మడతలో తవుడు పేరుకుని ఉంటుంది, ముక్క పురుగు దాక్కునేది అందులోనే. ఆ మడత విప్పకుండా కుట్టేస్తే నెల తిరిగేసరికి కూరగాయల సంచిలో పురుగు కనిపిస్తుంది. లోపలి వైపు బయటికి తిప్పి, దులిపి, సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి.

పైనా కిందా నలిగిన అంగుళం చొప్పున కోసేస్తే 28 అంగుళాలు మిగులుతుంది. మూతి వైపు నుంచి 4 అంగుళాల ఎత్తున రెండు చుట్లు కోయాలి. ఒక్కో చుట్టును ఒకచోట తెంపితే 36 అంగుళాల పట్టీ వస్తుంది. దాన్ని నాలుగు మడతలు వేసి రెండంచులూ కుడితే అంగుళం వెడల్పు పిడి తయారు. మిగిలిన 20 అంగుళాలే సంచి ఒళ్లు. మూతి దగ్గర అంగుళంన్నర చొప్పున రెండు మడతలు, అడుగున అంగుళం కుట్టుకు పోగా 16 అంగుళాలు ఉంటుంది. అడుగు మూలలను త్రికోణంలా లాగి, 4 అంగుళాల అడ్డకుట్టు వేస్తే సంచి కింద పెట్టినా నిలబడుతుంది. చివరికి చేతికొచ్చేది 14 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు, 4 అంగుళాల అడుగు ఉన్న చేసంచి.

చెడేది ఎక్కడ? గుడ్డ చెడదు, కుట్టు చెడుతుంది. జాకెట్టు కుట్టే అలవాటుతో అంగుళానికి పది పన్నెండు కుట్లు వేస్తే ఇక్కడా స్టాంపు అంచు కథే. అంగుళానికి ఆరు కుట్లు, అంటే 4 మిల్లీమీటర్ల కుట్టు పెట్టాలి. సూది 18వ నంబరు, దారం పాలిస్టర్‌ది. గుండుసూదులు గుచ్చితే ఆ చిల్లులు పూడవు, బట్టల క్లిప్పులు పెట్టుకోవాలి. ఫిల్మ్ వైపు మెషీన్ పాదం అతుక్కుని గుడ్డ ముందుకు జరగదు. పాదం కింద న్యూస్‌పేపర్ పట్టీ వేసి కుట్టి, తర్వాత చింపేస్తే సరి. అంచు దగ్గరగా కుట్టినా ప్రమాదమే, నేత పట్టీలు ఒక్కొక్కటే జారిపోయి కుట్టు కుట్టులాగే ఊడి వస్తుంది. అందుకే అంచును ఎప్పుడూ మడత లోపల దాచాలి. ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకూడదు, పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల చుట్టుపక్కల కరిగిపోతుంది. మడత కూర్చోవాలంటే చెంచా వెనక వైపుతో గట్టిగా రుద్దితే చాలు.

పిడి అతుకు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే సంచులు తెగేది అక్కడే. పిడిని మూతి అంచుకు కుట్టి వదిలేస్తే బరువంతా నాలుగు కుట్ల మీద పడుతుంది. రెండు కొసలనూ 6 అంగుళాల మేర సంచి ఒంటి మీదికి దించాలి. మూతి మడత మీద చతురస్రం, దాని మధ్యలో X ఆకారపు గుర్తు కుట్టాలి. అప్పుడు చేతికి 24 అంగుళాల పిడి మిగులుతుంది, భుజానికి తగిలించుకోవచ్చు.

యూరియా, పురుగుమందు, సిమెంటు సంచులతో ఈ పని వద్దే వద్దు. ఎన్నిసార్లు కడిగినా అవి కూరగాయలకు పనికిరావు.

ఇప్పుడు మిల్లుల సంగతి. ఇంత పనిలో సగం శ్రమ సంచి తయారీలోని నిర్లక్ష్యం వల్ల పడుతున్నదే. రెండు వైపులా కంపెనీ ప్రకటనే కాబట్టి చాలామందికి దాన్ని పట్టుకుని బయటికి వెళ్లాలంటే మొహమాటం. 1930ల్లో అమెరికాలో పిండి మిల్లులు, దాణా మిల్లులు ఈ చిక్కునే విప్పాయి. నూలు సంచులతో ఆడవాళ్లు గౌన్లు కుట్టుకుంటున్నారని తెలిసి, మిల్లులే సంచి గుడ్డ మీద పూల డిజైన్లు అచ్చేయించాయి. కంపెనీ పేరును కడిగితే పోయే సిరాతోనో, ఊడదీయగల కాగితం లేబుల్‌తోనో సరిపెట్టాయి. 100 పౌండ్ల సంచులు మూడు కుదిరితే పెద్దవాళ్లకు ఒక గౌను. ఇంట్లో సరిపడా గుడ్డ కావాలి కాబట్టి అదే డిజైన్ సంచి వెతికి కొనేవాళ్లు. సంచి రెండో బతుకే అక్కడ మిల్లుకు అమ్మకం తెచ్చింది. మన మిల్లు అదే పని చేయడానికి అడ్డేముంది? బరువు, తేదీ, చిరునామా ఒక వైపు వేసి, రెండో వైపు కలంకారీ అంచో, పోచంపల్లి గళ్లో అచ్చేస్తే చాలు. పొడవు నాలుగంగుళాలు పెంచితే సంచి ఇంకాస్త లోతుగా వస్తుంది. జీఎస్టీ కోసం ఒక కిలో పెంచగలిగిన వాళ్లకు ఇది కష్టమని ఎవరైనా అంటే నేను నమ్మను.

చట్టం కూడా అటు తోయడం లేదు. ప్లాస్టిక్ ప్యాకింగు వ్యర్థాల బాధ్యతను కంపెనీల మీదే పెడుతూ 2022 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో 'పునర్వినియోగం' లక్ష్యం గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, సీసాలకే ఉంది. బియ్యం సంచి మెత్తటి ప్యాకింగు వర్గంలో పడుతుంది కాబట్టి దాన్ని మళ్లీ వాడించాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు. కరిగించి గుళికలు చేస్తే లెక్కకు వస్తుంది, ఐదేళ్లు చేసంచిగా తిరిగితే లెక్కకు రాదు. ఈ నిబంధన మారాలి.

ప్లాస్టిక్ ఎప్పటికీ ప్లాస్టికే, నూలు సంచే మేలు అనేవాళ్లున్నారు. ఎండలో పడేసిన బియ్యం సంచి పొడిపొడిగా రాలి మట్టిలో కలుస్తుందన్న వాళ్ల భయం నిజమే. అందుకే నీడలో ఆరబెట్టమన్నది, పొట్టు రాలడం మొదలవగానే వాడకం ఆపేయాలన్నది. కానీ నూలు కూడా ఊరికే రాదు. ఒక్కసారి వాడి పారేసే పల్చటి క్యారీబ్యాగు వల్ల వాతావరణం మీద పడే భారంతో సరితూగాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలని బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో లెక్కగట్టింది. నేత లేని (నాన్‌వోవెన్) కొత్త పాలీప్రొపిలీన్ సంచికి ఆ లెక్క 11 సార్లు. బియ్యం సంచి అయితే బియ్యం కోసం ఎలాగూ తయారైపోయింది.

వీటన్నిటికన్నా పెద్ద లెక్క కుట్టు కూలిది. ఉచిత కుట్టు మెషీన్లు, ఉచిత శిక్షణ చాలా ఏళ్లుగా చూస్తున్నాం. మెషీన్ ఇచ్చాక పని ఇచ్చేవాళ్లు లేరు, పని ఇచ్చినా కుట్టుకు ధర కట్టేవాళ్లు లేరు. 'వ్యర్థం నుంచి సంపద' అన్న మాటలో వ్యర్థం ఎవరిదో, సంపద ఎవరికో అడగాలి. కంపెనీ వదిలేసిన సంచిని కడిగి, విప్పి, కుట్టే మహిళా సంఘం సభ్యురాలు ఆ కంపెనీ చేయాల్సిన పనే చేస్తోంది. పైన చెప్పిన పద్ధతిలో ఒక సంచికి అన్నీ కలిపి ముప్పావు గంట పడుతుంది, ఎనిమిది గంటలు వంగి కూర్చుంటే పది సంచులు. 2024–25లో ఉపాధి హామీ కూలి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజుకు 300 రూపాయలు. చేతిపని తెలిసిన మనిషికి ఆ మట్టి పని కూలే కట్టినా ఒక్కో సంచి కుట్టుకే 30 రూపాయలు అవుతుంది. పంపిణీకి సంచులు కుట్టించే మున్సిపాలిటీ అయినా, సంస్థ అయినా ఆ 30 రూపాయలను కుట్టు కూలి అని ఆర్డరులో విడిగా రాసి ఇవ్వాలి, మిల్లు నుంచి వసూలు చేసి ఇస్తే ఇంకా న్యాయం. దారం, సూదులు, మెషీన్ నూనె, కరెంటు ఖర్చు ఇందులో ఇంకా కలపలేదు.