వక్కను వదిలేసిన నిషేధం

పొగాకు, నికోటిన్ కలిసిన గుట్కా, పాన్ మసాలాల తయారీని, అమ్మకాన్ని 2024 మే 24 నుంచి ఏడాది పాటు నిషేధిస్తూ తెలంగాణ ఫుడ్ సేఫ్టీ కమిషనర్ ఉత్తర్వు ఇచ్చారు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనూ ఇలాంటి నిషేధమే వచ్చింది. అయినా దేవరకొండ రోడ్డు మీదైనా, మక్తల్ వైపైనా పాన్ డబ్బా ముందు నిలబడితే పొట్లాల దండలు వేలాడుతూనే ఉంటాయి. పొగాకు లేని పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం. రెండూ కొని అరచేతిలో కలుపుకుంటే గుట్కా తయారు. ఈ దొంగదారి గురించి పత్రికలు చాలాసార్లు రాశాయి. నాకు అంతకంటే పెద్ద లోపం కనిపిస్తోంది. పొగాకు తీసేశాక మిగిలే వక్కే నోటిని బిగదీస్తుంది. ఆ వక్క జోలికి మాత్రం ఎవరూ వెళ్లడం లేదు.

ఎందుకంత గట్టిగా అంటున్నానో చెప్పాలంటే కణం దాకా వెళ్లాలి. బుగ్గ లోపలి పొర ఎపిథీలియల్ కణాలతో తయారవుతుంది. అవి ఒకదాన్నొకటి పట్టుకుని, కింద ఉన్న పలుచని ఆధారత్వచం మీద కుదురుగా కూర్చుని ఉంటాయి. అలా పట్టి ఉంచే ముఖ్యమైన ప్రొటీన్ ఇ-క్యాడ్‌హెరిన్. కొన్ని రసాయన సంకేతాలు అందినప్పుడు స్నెయిల్, స్లగ్, ట్విస్ట్ లాంటి జన్యువులు మేల్కొని ఈ ప్రొటీన్ తయారీని అణిచేస్తాయి. అప్పుడు కణం పక్కవాటిని వదిలేస్తుంది, పొడవుగా సాగుతుంది, ఆధారత్వచాన్ని కరిగించే ఎంజైములు విడుదల చేసి అక్కణ్ణుంచి కదులుతుంది. ఇలా మారినవే మెసెంకైమల్ కణాలు.

మనందరం మనుషులమైంది ఈ మార్పు వల్లే. తల్లి కడుపులో మూడో వారంలో పిండం పై పొరలోని కణాలు విడివడి లోపలికి దిగుతాయి. కండరాలు, ఎముకలు, గుండె ఏర్పడటానికి అదే మొదలు. అమెరికా శాస్త్రవేత్త ఎలిజబెత్ హే 1960ల్లో కోడి పిండాలను పరిశీలించి ఈ మార్పును వివరించారు. నాలుగో వారంలో నాడీ గొట్టం అంచుల నుంచి మరికొన్ని కణాలు ఇలాగే బయల్దేరతాయి. ముఖం ఎముకలు, చర్మానికి రంగునిచ్చే కణాలు, దవడ వాటి నుంచే వస్తాయి. అంటే వక్క నమిలీ నమిలీ తెరుచుకోకుండా పోయే దవడ పుట్టింది కూడా ఈ మార్పుతోనే. పిండంలో దీనికి ఒక వేళ, ఒక చోటు ఉంటాయి. పనయ్యాక ఆగిపోతుంది. గాయం మానేటప్పుడు కూడా చర్మ కణాలు కొంతవరకు ఇలా మారి, గాయం మూసుకోగానే మళ్లీ కుదురుకుంటాయి.

రోజూ వక్క పెట్టుకునే బుగ్గలో గాయం మూసుకునే వ్యవధే దొరకదు. వక్కలోని అరెకోలిన్ అనే రసాయనం టీజీఎఫ్-బీటా అనే సంకేతాన్ని రెచ్చగొడుతుంది. కణాలను విడివడమనేదీ, కింది పొరలో కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రొటీన్‌ను పెంచమనేదీ ఆ సంకేతమే. వక్కలో రాగి కూడా ఎక్కువ. కొల్లాజెన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసే ఎంజైముకు ఆ రాగి బలం. దాంతో బుగ్గ లోపల నులక బిగించిన మంచంలా తయారవుతుంది. మొదట కారం తగిలితే మంట, తర్వాత తెల్లబడటం, ఆ తర్వాత ముద్ద పట్టేంత కూడా నోరు తెరుచుకోకపోవడం. దీన్ని డాక్టర్లు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో ఈ జబ్బున్న 66 మందిని 17 ఏళ్ల పాటు గమనిస్తే 5 మందికి, అంటే 7.6 శాతం మందికి నోటి క్యాన్సర్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు కలవని వక్కను కూడా 2004లోనే మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో చేర్చింది.

తప్పంతా ఈ కణాల మార్పు మీదే వేయడం కూడా సరికాదు. గట్టిపడిన బుగ్గలో కొల్లాజెన్ ఎక్కువగా వచ్చేది అక్కడ ముందు నుంచీ ఉన్న ఫైబ్రోబ్లాస్టులు అనే పీచు కణాల నుంచే. ఎపిథీలియల్ కణాలు చాలావరకు సగం మారి ఆగుతాయి. ఈ మార్పు లేకుండానే క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకవచ్చనీ, మందులకు లొంగకపోవడంలో మాత్రం దీని పాత్ర ఉందనీ ఎలుకల మీద చేసిన రెండు అధ్యయనాలు 2015లో తేల్చాయి. వాటి మీద వాదన ఇంకా నడుస్తోంది. నాకు ముఖ్యమనిపించేది ఆ సగం మారిన దశ. వక్క మానేస్తే ముదరకుండా ఆపగల అవకాశం అక్కడే ఎక్కువ. ముదిరాక నోటి వ్యాయామాలు, ఇంజెక్షన్లు, ఆపరేషన్ కొంత ఊరటనిస్తాయి తప్ప బుగ్గ పూర్తిగా మునుపటిలా కాదు.

మన ఏర్పాట్లు ఆ దశను దాటేశాకే మొదలవుతున్నాయి. జబ్బులను ముందే గుర్తించడానికి ఆశా కార్యకర్తలు ఇంటింటా నింపే ఫారంలో నోరు తెరవడం కష్టంగా ఉందా అన్న ప్రశ్న ఉంది. కానీ దాన్ని 30 ఏళ్లు నిండినవారినే అడుగుతారు. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీ వెంట పనికి పోయే పిల్లగాడు 18 ఏళ్లకే ఆకలి, అలసట తెలియకుండా పొట్లం చింపుతాడు. 30 వచ్చేసరికి అతని నోట్లో రెండు వేళ్లు కూడా పట్టకపోవచ్చు. చట్టం కూడా ఇక్కడే చేతులెత్తేసింది. 18 ఏళ్లలోపు వారికి అమ్మరాదనీ, బడికి 100 గజాల లోపు అమ్మరాదనీ 2003 నాటి చట్టం చెప్పింది పొగాకు ఉత్పత్తుల గురించే. పొగాకు లేని పాన్ మసాలాకు అది వర్తించదు. పొట్లం మీద హెచ్చరిక ముద్రిస్తే పిల్లలు కొనడం మానేస్తారా?

తాగునీటిలోని ఫ్లోరైడ్ బాధ దేశానికి తెలియాలని 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి వందల మంది నిలబడటంతో పోటీదారులు 480 మంది అయ్యారు. వంగిన ఎముకలు అందరికీ కనిపించేవి కాబట్టి అంత పోరాటం సాధ్యమైంది. గట్టిపడుతున్న బుగ్గ ఎవరికీ కనిపించదు, తెరిచి చూస్తే తప్ప.

పెళ్లి తాంబూలంలో వక్కను నిషేధించమని నేను అనడం లేదు. పొట్లాల్లో అమ్మే వక్క మసాలాలన్నింటికీ, పొగాకు ఉన్నా లేకపోయినా, వయసు పరిమితి, బడి దూరం నిబంధన పెట్టాలి. నోటి పరీక్ష 18 ఏళ్లకే మొదలవ్వాలి. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడతాయో లేదో చూడటానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. నార్కట్‌పల్లిలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. అక్కడి విద్యార్థులను జూనియర్ కాలేజీలకు, హాస్టళ్లకు పంపవచ్చు. కూలీలు వలస బస్సు ఎక్కే రోజుల్లో నారాయణపేట, కోస్గి, మక్తల్ బస్టాండ్లలో ఆ మూడు వేళ్ల పరీక్ష పెట్టించే పని జిల్లా వైద్యాధికారులు ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.