సవరణ: రెసిడెన్సీ దరఖాస్తులో ప్రాంతాల ఎంపిక గురించి

అమెరికాలో రెసిడెన్సీకి (ఎంబీబీఎస్ తర్వాత ఆసుపత్రిలో చేసే స్పెషాలిటీ శిక్షణకు) దరఖాస్తు పెట్టే మన ఎంబీబీఎస్ పిల్లల కోసం మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. క్షమించండి.

మొదటిది పెద్దది. ఈరాస్ (రెసిడెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టే వ్యవస్థ) దరఖాస్తులో, అమెరికాలోని తొమ్మిది ప్రాంతాల్లో మనకు ఇష్టమైన మూడు ఎంచుకుంటే మిగతా ఆరు ప్రాంతాల ప్రోగ్రాములకు, అంటే శిక్షణ ఇచ్చే ఆసుపత్రులకు, 'మేమంటే ఇష్టం లేదు' అని తెలిసిపోతుందని రాశాను. అలా కాదు. మీరు ఎంచుకున్న ప్రాంతంలోని ప్రోగ్రాములకే ఆ సంగతి కనిపిస్తుంది. మిగతావాళ్లకు ఆ గడి ఖాళీగా వదిలేసినట్టే ఉంటుంది. 'ప్రాధాన్యం లేదు' అని పెడితే మాత్రం అది అందరికీ కనిపిస్తుంది. ఖాళీగా వదలడం, ఇలా పెట్టడం ఒకటి కాదు. నా మాట నమ్మి ఎవరైనా ఖాళీగా వదిలేద్దామనుకుంటే, దయచేసి మళ్లీ ఆలోచించండి.

ఇంకో సంగతి, ఈ ప్రాంతాలు రాష్ట్రాలు కావు, జనగణన విభాగాలు, అంటే కొన్ని రాష్ట్రాలను కలిపిన గుంపులు. టెక్సాస్ ఉన్న విభాగం ఎంచుకుంటే ఓక్లహోమా, ఆర్కాన్సా, లూసియానా కూడా అందులోనే వస్తాయి. అక్క డల్లాస్‌లో ఉంటే ఆ విషయం కారణం రాసే చోట సూటిగా రాయండి. అక్కడ స్థిరంగా ఉంటారన్న నమ్మకం ప్రోగ్రాముకు కలగాలి. విదేశాల నుంచి వచ్చే మనకు సొంతూరు అక్కడ ఉండదు కాబట్టి ఈ నాలుగు మాటలే ఆధారం.

రెండోది, మ్యాచ్ అల్గారిథమ్ (ఎవరికి ఏ ప్రోగ్రాములో సీటో చివర్లో తేల్చే కంప్యూటర్ లెక్క) ప్రాంతీయ అనుబంధాన్ని, అంటే ఆ ప్రాంతంతో మనకున్న సంబంధాన్ని, లెక్కలోకి తీసుకుంటుందన్నాను. తీసుకోదు. అది చూసేది ఇరువైపుల ర్యాంకు జాబితాలనే, అంటే అభ్యర్థులూ ప్రోగ్రాములూ ఒకరినొకరు ఇష్టం కొద్దీ వరుసలో పెట్టి ఇచ్చే జాబితాలనే. అనుబంధం పనిచేసేది అంతకుముందే, ఇంటర్వ్యూకి పిలిచేటప్పుడు, ప్రోగ్రాము తన జాబితా రాసుకునేటప్పుడు.

పాత పోస్టులో ఆ రెండు పేరాలూ తీసేశాను.