సవరణ: డబుల్ ట్యాప్ ఎక్కడుంది, బ్యాక్ బటన్ వైపు ఎలా మార్చాలి

బెంగళూరు తెలుగువాళ్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో, స్క్రీన్‌ని రెండుసార్లు తట్టి వెలిగించే ఆప్షన్ శాంసంగ్ ఫోన్లలో ‘డిస్‌ప్లే’ కింద ఉంటుందని రాశాం. అది తప్పు. సెట్టింగ్స్‌లో ‘అడ్వాన్స్‌డ్ ఫీచర్స్’, అందులో ‘మోషన్స్ అండ్ జెశ్చర్స్’ తెరవండి, అక్కడుంది.

డిస్‌ప్లే కింద ఉండేది ‘నావిగేషన్ బార్’, అంటే స్క్రీన్ అడుగున మూడు బటన్లుండే పట్టీ సెట్టింగ్. కుడిపక్కనున్న బ్యాక్ బటన్ ఎడమకు రావాలంటే అందులో ముందు ‘బటన్స్’ ఎంచుకుని, తర్వాత ‘బటన్ ఆర్డర్’ మార్చాలి. స్వైప్ జెశ్చర్స్ ఆన్‌లో ఉంటే ఆ మూడు బటన్లు అసలు కనపడవు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

ఇంకోటి, ముందే చెప్పాల్సింది: డబుల్ ట్యాప్ పెట్టుకున్నాక మెజెస్టిక్ బస్టాండు దగ్గర బస్సు రద్దీలో, చెమటకు తడిసిన చొక్కా జేబులో ఫోన్ తనంతట తాను వెలగొచ్చు. డిస్‌ప్లేలోని ‘యాక్సిడెంటల్ టచ్ ప్రొటెక్షన్’ తప్పకుండా ఆన్ చేయండి.