ప్రతి అక్షరానికీ ఒక రెండర్ మా జన్మహక్కు

ఈ మధ్య విజయనగరంలో కొందరు కుర్ర ఇంజనీర్లు ప్రమాదకరమైన ప్రచారం మొదలుపెట్టారు. వెబ్ పేజీలో స్టేట్ (పేజీ గుర్తుపెట్టుకున్న సమాచారం) మారిన ప్రతిసారీ కాంపొనెంట్‌ను (పేజీలో ఆ ముక్కని) రెండర్ చెయ్యక్కర్లేదట, అంటే మళ్లీ కట్టి చూపించక్కర్లేదట. కాస్త ఆగి చెయ్యొచ్చట. దాని పేరు థ్రాటిల్ అట. కోట దగ్గర టీ కొట్టులో నలుగురూ వింటుండగా బాహాటంగా ఈ మాటలు మాట్లాడుతుంటే అడిగే నాథుడు లేడు.

వాళ్ల వాదన వినండి. మామూలు స్క్రీన్ సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది. అంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. అందులోనే జావాస్క్రిప్ట్ కోడ్ నడవాలి, లేఅవుట్ లెక్క తేలాలి, రంగు పడాలి. మౌస్ కదిలినప్పుడల్లా పెద్ద పట్టికనంతా మళ్లీ కట్టిస్తే, ఈ పనులన్నీ చేసే మెయిన్ థ్రెడ్ ఒక్కటే కాబట్టి మనం నొక్కిన మీట కూడా క్యూలో నిలబడాలట. నిలబడనీండి. మనకి క్యూలు కొత్తా?

మా ఉద్యమం ఎందుకు పుట్టిందో తెలియాలంటే పైడితల్లమ్మ సిరిమాను ఊరేగే రోజు మా మావయ్యని చూడాలి. మూడు లాంతర్ల దగ్గర నిలబడి, పలాసలో ఉన్న అత్తయ్యకి ఫోన్లో చెప్తుంటాడు: "కదిలింది... ఆగింది... కదిలింది... ఎవడో తలకాయ అడ్డం పెట్టాడు... కదిలింది." ఇదీ రియల్ టైమ్ అంటే! అత్తయ్య పొయ్యి మీద పులుసు మాడిపోయి ఉండొచ్చు, అది వేరే విషయం. థ్రాటిల్‌వాళ్లు ఏమంటారంటే, ఎంత జరిగినా నిమిషానికోసారి చెప్తే చాలట. డిబౌన్స్‌వాళ్లు ఇంకా ఘనులు. సందడి సద్దుమణిగాక ఒకేసారి చెప్పమంటారు. అలాగైతే సిరిమాను కోటకీ గుడికీ మధ్య మూడుసార్లూ తిరిగేసి, జనం ఇళ్లకెళ్లాక మోగుతుంది అత్తయ్య ఫోను. థ్రాటిల్‌లో ట్రెయిలింగ్ (గడువు ముగిశాక ఆఖరి కబురు చెప్పే ఏర్పాటు) ఆపేసినవాడి సంగతి మరీ అన్యాయం. ఆఖరి కబురు ఆ నిమిషం గడువులో పడితే దాన్ని మింగేస్తాడు. అత్తయ్య దృష్టిలో సిరిమాను ఈరోజుకీ కోట దగ్గరే ఉంటుంది. "ఏటి, ఇంకా రానేదా?" అని సంక్రాంతికి అడుగుతుంది.

2022లో వచ్చిన రియాక్ట్ 18 (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ఈ కుట్రకి అండగా నిలిచింది. టైమర్లలోనూ ప్రామిస్‌లలోనూ (తర్వాత వచ్చే జవాబు కోసం ఆగే కోడ్) పడిన స్టేట్ మార్పుల్ని కూడా మూటకట్టి ఒకేసారి రెండర్ చేస్తోంది. పైగా యూజ్‌డిఫర్డ్‌వాల్యూ అనేదొకటి. టైపు చేసిన అక్షరం పెట్టెలో వెంటనే కనపడాలట, బరువైన జాబితా మాత్రం వీలు చూసుకుని వెనకాల రావాలట. వినడానికి సబబుగానే ఉంది, అందుకే మాకు భయం.

అదృష్టవశాత్తూ శత్రుశిబిరంలో మా మిత్రులు ఉన్నారు. జీడిపప్పు దుకాణం ఆర్డర్ పేజీలో ఒక మహానుభావుడు జాబితాని వదిలేసి, టైపు చేసే పెట్టెకే థ్రాటిల్ తగిలించాడు. "జీడిపప్పు" అని కొడితే మధ్య అక్షరాలు ఎగిరిపోయి "జీపు" మిగిలింది. "మా దగ్గర జీపులు లేవు" అంది పేజీ, చాలా మర్యాదగా.

ఇంకొకాయన థ్రాటిల్‌ని కాంపొనెంట్ లోపలే పుట్టించాడు. రెండర్ అయిన ప్రతిసారీ కొత్త థ్రాటిల్ పుడుతుంది. పాతది పనిని ఎప్పుడు పిలిచిందో కొత్తదానికి తెలియదు, కాబట్టి అదీ వెంటనే పిలిచేస్తుంది. థ్రాటిల్ పెట్టిన పేరుకి పేరు, పెట్టని వేగానికి వేగం. రివ్యూలో అందరూ భేష్ అన్నారు. "అది రెండర్‌కి చెరిగిపోని యూజ్‌మెమోలోనో యూజ్‌రెఫ్‌లోనో దాచాలి కదండీ" అని ఒక జూనియర్ అమ్మాయి అనబోయింది. అప్పటికే మీటింగ్ అయిపోయింది.

చివరికి ఆ అమ్మాయే, మేం భోజనాలకి వెళ్లిన సమయం చూసి, పెట్టెని దాని మానాన వదిలేసింది. జాబితాకి మాత్రం 100 మిల్లీసెకన్ల థ్రాటిల్ పెట్టి, రెండర్‌కి చెరిగిపోకుండా దాచి, ట్రెయిలింగ్ ఉంచి, కాంపొనెంట్ తెర మీంచి పోయేటప్పుడు పెండింగ్ పిలుపు రద్దయ్యేలా చేసింది. ఎవరినీ అడగలేదు.

మర్నాడు దుకాణం ఆయన ఫోన్ చేశాడు. పేజీ ఆడుతోందో లేదో అనుమానంగా ఉందట. టైపు చేస్తుంటే ల్యాప్‌టాప్ ఫ్యాను చప్పుడే వినపడటం లేదట. వెంటనే మనిషిని పంపి చూడమంటున్నాడు.