మూడో బిడ్డను అడిగే ముందు

ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తివేసింది. మంచి పని చేసింది. ప్రజాప్రతినిధి అర్హతను పిల్లల లెక్కతో కొలవడం మొదటినుంచీ తప్పే. అయితే ఆ తప్పు దిద్దుకుంటూనే, ఎక్కువమందిని కనండంటూ పాలకులు పిలుపునివ్వడం అదే తప్పును తిరగేసి చేయడం. అప్పుడు వద్దన్నదీ ఇప్పుడు కావాలన్నదీ ఒకే శరీరాన్ని ఉద్దేశించి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో సంతానోత్పత్తి రేటు, అంటే ఒక మహిళ జీవితకాలంలో కనే పిల్లల సగటు, 1.7, తెలంగాణలో 1.8. ఒక తరం స్థానాన్ని మరో తరం భర్తీ చేయడానికి కావలసింది 2.1. ఈ అంకెలు అందరూ చెబుతున్నవే. ఇక్కడికి మనం ఏ దారిన వచ్చామన్నదే ఎవరూ చెప్పడం లేదు. కేరళలో ఆడపిల్లలు చదువుకున్నారు, పెళ్లి వయసు పెరిగింది, కాన్పులు తగ్గాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991 నాటికి మహిళల అక్షరాస్యత మూడో వంతు కూడా లేదు. అయినా 1992-93లో 2.6గా ఉన్న రేటు 2005-06 నాటికి 1.8కి దిగింది. దించింది కుటుంబ నియంత్రణ ఆపరేషన్. పద్దెనిమిదికి పెళ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, పాతికేళ్లు నిండకముందే ట్యూబెక్టమీ: లక్షలాది ఇళ్లలో ఇదే క్రమం. 2019-21 సర్వేలోనూ ఆంధ్రలో వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే కాగా, మగవారి ఆపరేషన్లు అర శాతమైనా లేవు. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల యువతుల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది.

ఈ చరిత్ర తెలిస్తే రాబోయేదీ అర్థమవుతుంది. మన ఆడపిల్లలు డిగ్రీ దాకా చదివి, ఉద్యోగం చూసుకుని, ఇరవయ్యో ఏట కనవలసిన బిడ్డను ఇరవై ఏడో ఏట కన్నట్లయితే, చివరికి కనే పిల్లల సంఖ్య మారకపోయినా, ఆ మార్పు జరిగే కాలమంతా ఏటా పుట్టేవారి సంఖ్య పలచబడుతుంది, లెక్కలో రేటు మరింత పడిపోయినట్లు కనిపిస్తుంది. జనాభా శాస్త్రంలో ఇది బాగా తెలిసిన విషయమే. కనుక రేపు రేటు ఇంకా దిగినా అందులో కొంత భాగం ఆడపిల్ల చదువుకు గుర్తు. ఆ అంకెను చూసి కంగారుపడి త్వరగా పెళ్లిళ్లు చేయండని ఎవరైనా సలహా ఇస్తే, మూడు దశాబ్దాల శ్రమ నీళ్లపాలవుతుంది.

జనాభాను బట్టి పంచే పార్లమెంటు సీట్ల మాటేమిటని అడుగుతారు. 1976లో 42వ సవరణతో 1971 జనాభా లెక్కల దగ్గర నిలిపిన సీట్లు 2026 తర్వాతి జనగణనతో కదలవచ్చు. జనాభాను అదుపు చేసిన దక్షిణాదికి అది అన్యాయమే. కానీ ఉత్తరాదితో జనాభా అంతరం యాభై ఏళ్లలో పెరిగినది, ఇప్పుడు పుట్టే పిల్లలతో పూడేది కాదు. ఆ పోరాటం ఢిల్లీలో రాజ్యాంగం మీద జరగాలి, ప్రసూతి వార్డులో కాదు.

పైగా ప్రభుత్వాలు అడిగితే పిల్లలు పుట్టరు. రొమేనియా 1966లో గర్భస్రావాన్ని దాదాపుగా నిషేధించింది. మరుసటి ఏడాది జననాలు రెట్టింపుకు చేరువయ్యాయి, తర్వాత మళ్లీ పడిపోయాయి, మిగిలింది ఐరోపాలోకెల్లా అత్యధిక మాతృమరణాలు. చైనా 2021లో ముగ్గురిని కనవచ్చంది. 2016లో కోటీ 78 లక్షలకు పైగా ఉన్న జననాలు 2023లో 90 లక్షలకు తగ్గాయి. రెండు దశాబ్దాలుగా భారీగా ఖర్చు పెడుతున్న దక్షిణ కొరియాలో 2023 నాటి రేటు 0.72.

నన్ను నిజంగా కలవరపెట్టేది పుట్టబోయే బిడ్డ కాదు, ఆనాడు ప్రభుత్వం మాట విన్న తల్లి. 1995లో ఇరవై మూడేళ్లకు ఆపరేషన్ చేయించుకున్న మహిళ ఇప్పుడు యాభై దాటింది. ఆమె పిల్లలిద్దరూ హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉన్నారు. జననాలు, మరణాలు, వలసలు కలిస్తేనే జనాభా మార్పు. మన నేతలు మొదటిదాన్ని గురించే మాట్లాడుతున్నారు. పదేళ్లలో ఆమె కాలు జారి పడితే లేపేవారెవరు, షుగరు మాత్రలు తెచ్చేవారెవరు? నెలకు నాలుగు వేల పింఛను అవసరమే, కానీ అది మనిషి తోడును ఇవ్వదు. మండలానికొక వృద్ధుల పగటి సంరక్షణ కేంద్రం, అందులో జీతమిచ్చి, శిక్షణతో పనిచేయించే స్థానిక యువతులు, యువకులు: మూడో బిడ్డకు ప్రోత్సాహకం ప్రకటించే ముందు బడ్జెట్‌లో ఈ పద్దు కనిపించాలి.